కొత్త ఫోక్, ఇండీ పాప్, అమెరికానా పాటలు ఎక్కడ వెతకాలి? తరచుగా అడిగే ప్రశ్నలు

ఇంగ్లిష్ పాటలు వినే మనవాళ్లలో చాలామంది బాబ్ డిలన్ దగ్గరో, జాన్ డెన్వర్ దగ్గరో ఆగిపోతారు. "ఆ గిటారు, ఆ గొంతు, ఆ కథ చెప్పే తీరు ఇప్పుడెవరి దగ్గరుంది?" అని అడిగితే పేర్లకు కొదవ లేదు. కాకపోతే వాళ్లు టీవీలో కనబడరు, పెద్ద పెద్ద హోర్డింగుల మీదా ఉండరు. వాళ్ల కొత్త పాటలు ఎప్పుడొస్తాయో, ఎక్కడ వినాలో నన్ను అడిగేవాళ్లకు చెప్పే జవాబులే ఇవి.

అమెరికానా అంటే అసలు ఏ రకం పాటలు?

కంట్రీ, బ్లూస్, గాస్పెల్ (చర్చి పాటలు), బ్లూగ్రాస్ (బాంజో, ఫిడిల్‌లతో వేగంగా సాగే పల్లె పాటలు), పాతకాలపు ఫిడిల్ పాటలు, కొంచెం రాక్. ఇవన్నీ కలిసిన పాటలే అమెరికానా. అమెరికాలో కంట్రీ రేడియో మెల్లగా పాప్ వైపు జరిగిపోవడంతో, పాత పద్ధతిలో పాడేవాళ్లకి రేడియోలో చోటు లేకుండా పోయింది. అలాంటివాళ్ల కోసం 1995లో గావిన్ రిపోర్ట్ అనే రేడియో పత్రిక అమెరికానా పేరుతో ఒక చార్టు మొదలుపెట్టింది. 1999లో నాష్‌విల్‌లో అమెరికానా మ్యూజిక్ అసోసియేషన్ ఏర్పడింది. 2010లో గ్రామీ వాళ్లు ఉత్తమ అమెరికానా ఆల్బమ్ అని విడిగా ఒక అవార్డు పెట్టారు.

ఇదంతా తెల్లవాళ్ల సంగీతం అనుకునేవాళ్లు రియానన్ గిడెన్స్‌ని వినాలి. బాంజో ఆఫ్రికా నుంచి బానిసలుగా తెచ్చినవాళ్లతో పాటు అమెరికాకి వచ్చిన వాద్యం. ఈ సంగతిని మర్చిపోయిన దేశానికి గుర్తు చేయడమే ఆమె పని. ఆమె, ఆమె స్నేహితులు కలిసి కట్టిన కరోలినా చాకొలెట్ డ్రాప్స్ బృందం నార్త్ కరోలినాలో జో థాంప్సన్ అనే ముసలాయన ఇంటికి వెళ్లి, ఆయన దగ్గర కూర్చుని ఫిడిల్ పాటలు నేర్చుకుంది. ఆ బృందానికి 2011లో గ్రామీ వచ్చింది. 2024లో బియాన్సే కంట్రీ పాట ఒకటి ప్రపంచమంతా మోగింది కదా, దాని మొదట్లో వినబడే బాంజో వాయించింది గిడెన్సే.

మరి ఫోక్‌కీ అమెరికానాకీ తేడా ఏమిటి?

అంత గట్టి తేడా ఏమీ లేదు. గిలియన్ వెల్చ్, డేవిడ్ రాలింగ్స్ జంటని అమెరికానా వాళ్లూ మావాళ్లే అంటారు, ఫోక్ వాళ్లూ మావాళ్లే అంటారు. 2025లో వాళ్లకి గ్రామీ వచ్చింది ఫోక్ విభాగంలో. డ్రమ్సూ, పెడల్ స్టీలూ (తీగ సాగినట్టు మోగే ఒక రకం గిటారు) ఎక్కువ వినబడితే అమెరికానా అనీ, ఒక గిటారు, ఒక గొంతు ఉంటే ఫోక్ అనీ షాపువాళ్లు సర్దుతారు. వెతికేటప్పుడు రెండు పేర్లతోనూ వెతకండి.

"ఇండిపెండెంట్", పొట్టిగా "ఇండీ" అని ఎవరిని అనాలి?

యూనివర్సల్, సోనీ, వార్నర్ అనే మూడు పెద్ద కంపెనీల నీడలో లేనివాళ్లని. వీళ్లలో చాలా రకాలున్నాయి. బెడ్‌రూమ్‌లో రికార్డు చేసి డిస్ట్రోకిడ్ లాంటి సర్వీసుకి ఏడాదికి కొంత చందా కట్టి పాట ఎక్కించేవాళ్లు ఒక రకం. సొంత లేబుల్, అంటే పాటలు విడుదల చేసే సంస్థ, పెట్టుకున్నవాళ్లు ఇంకో రకం. జాన్ ప్రైన్ పెద్ద కంపెనీలతో విసిగిపోయి తన మేనేజరుతో కలిసి ఓ బాయ్ రికార్డ్స్ పెట్టుకున్నాడు. ఆయన 2020లో కోవిడ్‌తో పోయినా ఆ లేబుల్ కొత్తవాళ్లని తెస్తూనే ఉంది. వెల్చ్, రాలింగ్స్‌లకి ఎకోనీ రికార్డ్స్ ఉంది. జేసన్ ఇజ్బెల్ లాంటివాళ్లు సొంత లేబుల్ పేరు మీదే ఉంటూ, పంపిణీ పని నాష్‌విల్‌లోని థర్టీ టైగర్స్ అనే సంస్థకి అప్పగిస్తారు. మాస్టర్ రికార్డింగుల (పాట అసలు రికార్డింగుల) మీద హక్కు మాత్రం వాళ్ల దగ్గరే ఉంటుంది. జనం పెద్దగా పట్టించుకోరు గానీ, వ్యవహారమంతా ఆ హక్కు చుట్టూనే తిరుగుతుంది.

చిన్నగా మొదలై పెద్దవాళ్ల చేతికి వెళ్లినవీ ఉన్నాయి. 1970లో పుట్టిన రౌండర్ రికార్డ్స్‌ని 2010లో కాంకర్డ్ కొనేసింది. నా మటుకు నేను లేబుల్ జాతకం చూసి పాట వినడం ఎప్పుడో మానేశాను. కొత్తవాళ్లని తెచ్చే లేబుల్ ఏదో తెలిస్తే చాలు.

కొత్త పాటలు ఏ రోజు వస్తాయి?

శుక్రవారం. 2015 జులై 10 నుంచి ప్రపంచమంతా ఇదే పద్ధతి. అంతకు ముందు అమెరికాలో మంగళవారం, బ్రిటన్‌లో సోమవారం వచ్చేవి. స్ట్రీమింగ్ యాప్‌లలో మామూలుగా ఏ దేశంలో అర్ధరాత్రి దాటితే ఆ దేశంలో పాట తెరుచుకుంటుంది. అంటే గురువారం రాత్రి 12 దాటగానే విజయవాడలో ఉన్నవాడు వినేస్తాడు. న్యూయార్క్‌లో ఉన్న వాళ్లన్నయ్య ఇంకా గురువారం మధ్యాహ్నం ఆఫీసులోనే ఉంటాడు. ఈ విషయంలో మనకే అదృష్టం. కొందరు చిన్న కళాకారులు మాత్రం అమెరికా టైమే పెట్టుకుంటారు, అవి మనకి పగలు వస్తాయి.

ఇంకో సంగతి. ఈ రోజుల్లో ఆల్బమ్ ఒక్కసారిగా ఊడిపడదు. ముందు రెండు మూడు నెలల పాటు ఒక్కో పాటా సింగిల్‌గా వదులుతారు. చిన్నవాళ్లు రెండో సింగిల్‌తో పాటు మొదటిదాన్నీ కలిపి మళ్లీ పెడతారు, మూడోదానికి మూడూ కలుపుతారు. "ఇది విన్న పాటే కదా, మళ్లీ కొత్తది అంటాడేంటి?" అని మీకు అనిపిస్తే కారణం ఇదే. ప్రతి రిలీజుకీ యాప్ ఆ కళాకారుణ్ణి ఇంకోసారి ముందుకు తోస్తుందని వాళ్ల ఆశ.

యాప్ ఎప్పుడూ అవే పాటలు చూపిస్తోంది. ఏం చేయాలి?

స్పాటిఫైలో శుక్రవారం వచ్చే రిలీజ్ రాడార్ అనే కొత్త పాటల ప్లేలిస్టుకి ప్రధాన ఆధారం మీరు ఫాలో అవుతున్న కళాకారులు. పాటకి లైకు కొట్టి ఊరుకోకుండా, కళాకారుడి పేజీకి వెళ్లి ఫాలో నొక్కండి. సోమవారం వచ్చే డిస్కవర్ వీక్లీ పద్ధతి వేరు. మీలాంటి శ్రోతలు ఏమేం వింటున్నారో చూసి అది పాటలు ఏరుతుంది.

మన ఇళ్లలో అసలు సమస్య ఒకే అకౌంటు ఇంటిల్లిపాదీ వాడటం. పొద్దున వెంకటేశ్వర సుప్రభాతం, స్కూలు వ్యానులో రైమ్స్, సాయంత్రం ఐటమ్ సాంగులు. వీటి మధ్యలో మీరు రాత్రి వినే బాంజో పాట దానికి ఎక్కడ ఆనుతుంది? ప్లేలిస్టు మెనూలో ఆ ప్లేలిస్టుని మీ అభిరుచి లెక్కలోంచి తీసేసే ఆప్షన్ ఒకటి ఉంది. పిల్లల ప్లేలిస్టుకి అది నొక్కండి, కొన్ని వారాలకే తేడా తెలుస్తుంది.

అయినా యాప్ మీద అతిగా ఆధారపడటం నాకు ఇష్టం లేదు. డిస్కవరీ మోడ్ అని స్పాటిఫై 2020లో ఒక పథకం తెచ్చింది. తక్కువ రాయల్టీకి ఒప్పుకుంటే రేడియో, ఆటోప్లే లాంటి చోట్ల ఆ పాటని ఎక్కువ వినిపిస్తారు. మీ ముందుకి వచ్చిన పాట మీకు నచ్చుతుందని వచ్చిందో, ఆ ఒప్పందం వల్ల వచ్చిందో మీకు తెలియదు. పైగా 2024 నుంచి ఒక పాట ఏడాదిలో 1,000 సార్లు వినబడకపోతే దానికి రికార్డింగు రాయల్టీయే లేదు. చిన్నవాళ్లకి ఇది పెద్ద దెబ్బే.

యాప్ కాకపోతే మరి ఎవరిని నమ్మాలి?

మనుషుల్ని. అందులో ముందు రేడియో డీజేలని. మనకి రేడియో అంటే సినిమా పాటలు, మధ్యలో జోకులు. అమెరికాలో శ్రోతల విరాళాలతో నడిచే పబ్లిక్ రేడియోలూ, యూనివర్సిటీ రేడియోలూ వేరే లోకం. ఏ పాట వేయాలో చాలాచోట్ల డీజేయే నిర్ణయించుకుంటాడు. నాష్‌విల్ పక్కన మర్ఫ్రీస్‌బరోలోని డబ్ల్యూఎంఓటీ పగలూ రాత్రీ అమెరికానాయే వేస్తుంది. ఫిలడెల్ఫియా డబ్ల్యూఎక్స్‌పీఎన్ నుంచి వచ్చే వరల్డ్ కెఫే 1991 నుంచి నడుస్తోంది. సియాటిల్‌లో కేఈఎక్స్‌పీ, న్యూయార్క్‌లో డబ్ల్యూఎఫ్‌యూవీ ఉన్నాయి. వెస్ట్ వర్జీనియాలో మౌంటెన్ స్టేజ్ అనే లైవ్ షో 1983 నుంచి ఉంది. ఫోక్ మాత్రమే కావాలంటే ఫోక్ ఆలీ ఉంది. అన్నీ ఇంటర్నెట్‌లో ఉచితంగా వస్తాయి. వాళ్ల పొద్దుటి షో మనకి సాయంత్రం పడుతుంది. ఆఫీసు నుంచి ఇంటికి వచ్చే దారిలో వినడానికి భేషుగ్గా కుదురుతుంది.

వినే తీరిక లేకపోతే జాబితా చదవండి. స్పినిట్రాన్ అనే సైటులో బోలెడన్ని కాలేజీ, కమ్యూనిటీ స్టేషన్ల డీజేలు ఏ నిమిషంలో ఏ పాట వేశారో, ఏ ఆల్బమ్‌లోదో, ఏ లేబులో నమోదవుతూ ఉంటుంది. నాకు తెలిసినంతలో ఇంతకంటే మంచి గని లేదు. ముందు మీకు బాగా నచ్చిన ఒక అరుదైన పాటని వేసిన డీజేని పట్టుకోండి. తర్వాత ఆ డీజే పాత వారాల జాబితాలు తిరగేయండి. మీ చెవికి దగ్గరగా ఉన్న మనిషి దొరికితే పండగే. ఫోక్ అలయన్స్ ఇంటర్నేషనల్ అనే ఫోక్ సంగీత సంఘం కూడా ఫోక్ డీజేల జాబితాల నుంచి నెలనెలా చార్టు తీస్తుంది. సొంతంగా ఆల్బమ్ వేసుకున్నవాళ్లు అందులో పెద్ద పేర్ల పక్కనే కనబడతారు.

ఒక మంచి పాట దొరికింది. దాని నుంచి ఇంకోదానికి వెళ్లడం ఎలా?

క్రెడిట్స్ చదవండి. ఎవరు వాయించారు, ఎవరు రికార్డు చేశారు, ఎక్కడ చేశారు. ఈ మూడింటి వెంట వెళ్తే చాలు.

ఒకసారి చేసి చూద్దాం. అలబామాకి చెందిన కేటీ క్రచ్‌ఫీల్డ్ వాక్సహాచీ పేరుతో పాడుతుంది. 2024 మార్చిలో ఆమె ఆల్బమ్ టైగర్స్ బ్లడ్ యాంటీ అనే లేబుల్ మీద వచ్చింది. అందులో ఒక పాటలో ఆమె గొంతు కింద, కాస్త నిద్రమత్తుగా, శ్రుతికి అటూ ఇటూగా ఒక మగ గొంతు కలుస్తుంది. ఆ తేడా వల్లే పాట చెవిలో ఉండిపోతుంది. ఎవరబ్బా అని క్రెడిట్స్ చూస్తే ఎంజే లెండర్‌మన్. అదే ఏడాది సెప్టెంబరులో అతని సొంత ఆల్బమ్ మ్యానింగ్ ఫైర్‌వర్క్స్ వచ్చింది. అతని ఊరు నార్త్ కరోలినాలో కొండల మధ్య ఉన్న ఆష్‌విల్. అక్కడ డ్రాప్ ఆఫ్ సన్ అనే స్టూడియో ఉంది, అందులో అలెక్స్ ఫరార్ అనే రికార్డింగ్ మనిషి ఉన్నాడు. లెండర్‌మన్ గిటారు వాయించిన వెన్స్‌డే బృందం కూడా అక్కడే రికార్డు చేసింది. ఆ స్టూడియో పేరుతో వెతికితే ఇంకో పది పేర్లు బయటపడతాయి.

మళ్లీ వెనక్కి వచ్చి టైగర్స్ బ్లడ్ ప్రొడ్యూసర్ ఎవరో చూడండి. బ్రాడ్ కుక్. హర్రే ఫర్ ద రిఫ్ రాఫ్ పేరుతో పాడే అలిండా సెగారా 2024 ఆల్బమ్‌కీ అతనే. అక్కణ్ణుంచి ఇంకో దారి. ఒక్క పాట నుంచి ఒక ఆదివారం మధ్యాహ్నమంతా గడిచిపోతుంది, యాప్‌ని సలహా అడిగే అవసరమే రాదు.

కంట్రీ వైపు మొగ్గు ఉంటే డేవ్ కాబ్ అనే ప్రొడ్యూసర్‌తో మొదలుపెట్టండి. 2013లో జేసన్ ఇజ్బెల్, 2014లో స్టర్జిల్ సింప్సన్, 2015లో క్రిస్ స్టేపుల్టన్, 2018లో బ్రాండీ కార్లైల్. వీళ్ల పేర్లు ఊరూరా తెలిసేలా చేసిన ఆల్బమ్‌లలో అతని చెయ్యి ఉంది.

బ్యాండ్‌క్యాంప్ గురించి అందరూ చెబుతారు. ఏమిటి దాని గొప్ప?

కళాకారుల దగ్గరే నేరుగా పాట కొనుక్కునే చోటు అది. 2008లో మొదలైంది. డిజిటల్ ఆల్బమ్ అమ్మితే 15 శాతం, రికార్డులూ టీషర్టులూ అమ్మితే 10 శాతం వాళ్లు తీసుకుంటారు. పేమెంటు ఖర్చులు పోగా మిగతాది కళాకారుడికో, లేబుల్‌కో వెళ్తుంది. కోవిడ్ వచ్చి కచేరీలన్నీ ఆగిపోయినప్పుడు, 2020 మార్చి 20న, ఆ రోజు తమ వాటా వదులుకుంటున్నామని ప్రకటించారు. అదే బ్యాండ్‌క్యాంప్ ఫ్రైడేగా మారి, ఏడాదిలో కొన్ని నెలల మొదటి శుక్రవారాల్లో ఇప్పటికీ వస్తోంది. ఆ రోజున చాలామంది ఇంకెక్కడా పెట్టని డెమోలూ లైవ్ రికార్డింగులూ ఎక్కిస్తారు. కొత్తవి వెతకడానికి దీన్ని మించిన రోజు లేదు. లెక్క పసిఫిక్ టైముకి, అంటే మనకి శుక్రవారం మధ్యాహ్నం 12:30కి మొదలవుతుంది. చలికాలంలో అయితే 1:30కి.

కంపెనీ కథ మాత్రం సాఫీగా సాగలేదు. 2022లో ఎపిక్ గేమ్స్ కొంది, 2023లో సాంగ్‌ట్రేడర్ చేతికి వెళ్లింది, ఆ సందడిలో దాదాపు సగం మంది ఉద్యోగాలు పోయాయి. అయినా దానికి సాటి ఇంకోటి రాలేదు.

వెతకడానికి రెండు చిట్కాలు. ఊరి పేరుతో ట్యాగు వెతకండి. ఆష్‌విల్ అనో, ఆస్టిన్ అనో కొడితే ఆ ఊరి వాళ్ల కొత్త రిలీజులు వస్తాయి. రెండోది ఇంకా మంచిది. ఏ ఆల్బమ్ పేజీలోనైనా దాన్ని కొన్నవాళ్ల చిన్న చిన్న ఫొటోలు వరసగా ఉంటాయి. ఎవరిదైనా నొక్కితే ఆ మనిషి ఇప్పటిదాకా కొన్నవన్నీ కనబడతాయి. డబ్బులు పెట్టి కొన్న జాబితా కదా, ఉత్తుత్తి లైకులతో నిండిన జాబితా కంటే దానికి విలువ ఎక్కువ.

ఇండియా కార్డుతో కొనొచ్చా?

కొనొచ్చు. కార్డులో ఇంటర్నేషనల్ ట్రాన్సాక్షన్స్ ఆన్ చేసి ఉండాలి. 2020 నుంచి కొత్త కార్డులకి అది ఆఫ్‌లోనే వస్తోంది. బ్యాంకు ఫారెక్స్ మార్కప్ కొంత పడుతుంది. "మీకు తోచినంత ఇవ్వండి" అని ఉన్న ఆల్బమ్‌లకి సున్నా కొట్టి కూడా డౌన్‌లోడ్ చేసుకోవచ్చు. నచ్చాక మళ్లీ వచ్చి డాలరో, రెండు డాలర్లో ఇచ్చేవాళ్లు చాలామంది ఉన్నారు. ఎల్పీ రికార్డులు తెప్పించుకోవాలంటే మాత్రం షిప్పింగు, కస్టమ్స్ కలిపి రికార్డు ధరకి మించిపోయే ప్రమాదం ఉంది. అమెరికా నుంచి వచ్చే బంధువుల సూట్‌కేసే మనకి దిక్కు.

యూట్యూబ్‌లో ఏం చూడాలి?

అమెరికా పబ్లిక్ రేడియో సంస్థ ఎన్‌పీఆర్ వాళ్ల ఆఫీసులో డెస్కు దగ్గర జరిగే చిన్న కచేరీలు, టైనీ డెస్క్, చాలామందికి తెలిసినవే. దాని పుట్టుక సరదాగా ఉంటుంది. 2008లో ఆస్టిన్‌లో ఒక బార్‌లో లారా గిబ్సన్ అనే ఫోక్ గాయని పాడుతుంటే, జనం గోలలో పాట వినబడలేదు. వినడానికి వచ్చిన ఎన్‌పీఆర్ వాళ్లు, "మా ఆఫీసుకి వచ్చి డెస్కు దగ్గర పాడకూడదూ" అని సరదాకి అన్నారు. ఆమె నిజంగానే వెళ్లి పాడింది. ఇప్పుడు అక్కడికి పెద్ద పెద్ద స్టార్లు వస్తున్నారు కాబట్టి కొత్తవాళ్ల కోసం అయితే టైనీ డెస్క్ కాంటెస్ట్ చూడండి. 2016లో గెలిచిన గేలిన్ లీ మిన్నెసోటాలోని డులూత్‌లో ఫిడిల్ పాఠాలు చెప్పుకునే మనిషి. గెలిచినవాళ్లు ఎలాగూ తెలుస్తారు. ఓడిపోయిన వీడియోలు వేలల్లో ఉంటాయి, వాటిలో ఉంది అసలు సరుకు.

పల్లెటూరి ఫోక్ కావాలంటే వ్యోమింగ్ నుంచి నడిచే వెస్టర్న్ ఏఎఫ్, ఇంకా జెమ్స్ ఆన్ వీహెచ్ఎస్ అనే ఛానెళ్లు చూడండి. ఒక కెమెరా, ఒక మైకు, ఏ పెరట్లోనో పాట. వెస్ట్ వర్జీనియా నుంచి వచ్చి వీధుల్లో పాడుకుంటూ తిరిగిన సియెరా ఫెరెల్ చాలామందికి ఇలాంటి వీడియోలతోనే పరిచయమైంది. 2025లో ఆమెకి నాలుగు గ్రామీలు వచ్చాయి. రేడియోడబ్ల్యూవీ అనే ఛానెల్ 2023 ఆగస్టులో వర్జీనియాకి చెందిన ఆలివర్ ఆంథొనీ పాట ఒకటి పెట్టింది. గడ్డం, గిటారు, వెనక చెట్లు, అంతే. కొద్ది రోజుల్లోనే ఆ పాట అమెరికా పాటల ప్రధాన చార్టు అయిన బిల్‌బోర్డ్ హాట్ 100లో నేరుగా మొదటి స్థానంలో దిగింది. అంతకు ముందు ఏ చార్టులోనూ లేని మనిషి అలా రావడం అదే మొదటిసారి. ఆ పాట రాజకీయం మీద పెద్ద రగడ జరిగింది, దాని జోలికి ఇక్కడ పోను. మన తెలంగాణ ఫోక్ పాటలు సినిమావాళ్లతో పని లేకుండా యూట్యూబ్ ఛానెళ్ల మీద కోట్ల వ్యూస్ తెచ్చుకోవడం చూసినవాళ్లకి ఇందులో ఆశ్చర్యం ఉండదు.

విన్నది మనిషి పాటో ఏఐ పాటో ఎలా తెలుస్తుంది?

ఇప్పుడు ఎక్కువగా వస్తున్న ప్రశ్న ఇదే. రావాల్సిందే కూడా. 2025 వేసవిలో వెల్వెట్ సన్‌డౌన్ అనే బృందం స్పాటిఫైలో ఉన్నట్టుండి తేలింది. 70ల నాటి ఫోక్ రాక్ తరహా పాటలు, నెలకి పది లక్షల మందికి పైగా శ్రోతలు. తీరా చూస్తే అలాంటి మనుషులే లేరు, అంతా ఏఐతో చేసిందని వాళ్ల పేజీయే ఒప్పుకుంది.

అంతకంటే ఘోరం ఉన్నవాళ్ల పేరు వాడుకోవడం. ఎమిలీ పోర్ట్‌మన్ అనే ఇంగ్లండ్ ఫోక్ గాయనికి అదే ఏడాది ఒక అభిమాని మీ కొత్త ఆల్బమ్ బాగుందని రాశాడు. ఆమె కొత్త ఆల్బమ్ ఏదీ వదల్లేదు. ఎవరో ఏఐ పాటలు చేసి ఆమె పేజీలోనే ఎక్కించారు. 1989లో కాల్పుల్లో చనిపోయిన టెక్సస్ గాయకుడు బ్లేజ్ ఫోలీ పేజీలో కూడా అలాగే ఒక "కొత్త పాట" వచ్చింది. చచ్చిపోయినవాణ్ణి కూడా వదల్లేదు.

అందుకే కొత్త పేరు కనబడగానే రెండు నిమిషాలు వెచ్చించండి. వాయించినవాళ్ల పేర్లు ఉన్నాయా? రాబోయే కచేరీల తేదీలున్నాయా? ఎవరైనా ప్రేక్షకుడు ఫోన్‌లో తీసిన వణుకుతున్న వీడియో ఒక్కటైనా ఉందా? నెలలో మూడు ఆల్బమ్‌లు వదిలితే అనుమానించండి. డీజర్ యాప్ 2025 నుంచి ఏఐ ఆల్బమ్‌లకి గుర్తు వేస్తోంది. బ్యాండ్‌క్యాంప్ 2026 జనవరిలో పూర్తిగానో, చాలావరకో ఏఐతో చేసిన సంగీతం ఇక్కడ కుదరదని చెప్పేసింది.

చదవడానికి ఏమైనా ఉందా?

నో డిప్రెషన్ అనే పత్రిక ఉంది. 1995లో మొదలై, 2008లో అచ్చు ఆపేసి, 2015లో మళ్లీ అచ్చులోకి వచ్చింది. సమీక్షలు తొందరపడకుండా రాస్తారు. బ్లూగ్రాస్ ఇష్టమైతే ద బ్లూగ్రాస్ సిచ్యుయేషన్. బ్యాండ్‌క్యాంప్ డైలీ అన్ని రకాలూ రాస్తుంది.

నేను అమెరికాలోనే ఉంటాను. ప్రత్యక్షంగా వినాలంటే?

మీరు అదృష్టవంతులు, కానీ మనవాళ్లు చాలామంది ఆ అదృష్టాన్ని వాడుకోరు. వీకెండ్ వస్తే పాట్‌లక్కులూ, తెలుగు సినిమా మొదటి ఆటలూ, సరిపోతుంది. నాష్‌విల్‌లో బ్లూబర్డ్ కెఫే ఒక మామూలు షాపుల వరసలో ఉంటుంది, 90 సీట్లు. పాట రాసినవాళ్లు మధ్యలో గుండ్రంగా కూర్చుని వంతులవారీగా పాడతారు. మాట్లాడితే "ష్" అంటారు, నిజంగానే. టికెట్లు ఇట్టే అయిపోతాయి. బోస్టన్ దగ్గర కేంబ్రిడ్జ్‌లో క్లబ్ పాసిమ్, న్యూయార్క్ రాష్ట్రంలోని సరటోగా స్ప్రింగ్స్‌లో 1960 నుంచి నడుస్తున్న కెఫే లేనా కూడా ఇలాంటివే. టెక్సస్‌లో కెర్‌విల్ ఫోక్ ఫెస్టివల్ 1972 నుంచి ఉంది. అందులో న్యూ ఫోక్ అనే పోటీకి ఎంపికైనవాళ్ల జాబితా చూస్తే చాలు, రాబోయే కాలంలో ఎవరి పేరు వినబడబోతోందో ఒక అంచనా వస్తుంది. సెప్టెంబరులో నాష్‌విల్‌లో అమెరికానా ఫెస్ట్ జరుగుతుంది. ఫోక్ అలయన్స్ సమావేశంలో అయితే రాత్రి పొద్దుపోయాక హోటల్ గదుల్లో మంచాలు పక్కకి జరిపి పాడతారు, ఒక గది నుంచి ఇంకో గదికి తిరుగుతూ వినాలి.

హౌస్ కన్సర్టులు కూడా అడిగి తెలుసుకోండి. ఎవరో ఒకరి హాల్లో ముప్పై నలభై మంది కూర్చుంటారు. టికెట్టు ఉండదు, తలా కొంత విరాళం వేస్తారు. చాలా ఇళ్లలో వచ్చిందంతా పాడినవాళ్లకే ఇచ్చేస్తారు. డాలస్ శివార్లలో అంతంత పెద్ద హాళ్లున్న మన తెలుగువాళ్లు వ్రతాలతో పాటు అప్పుడప్పుడు ఇదీ పెట్టొచ్చు.

ఇందులో మనకి తెలిసిన గొంతు ఎవరైనా ఉన్నారా?

సిద్ శ్రీరామ్ ఉన్నాడు. తెలుగు సినిమా పాటలతో ఇంటింటికీ తెలిసిన ఈ గొంతు పెరిగింది కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో. 2023లో వచ్చిన అతని ఇంగ్లిష్ ఆల్బమ్ సిద్ధార్థ్‌ని మిన్నియాపొలిస్ ఇండీ సంగీతంలో పేరున్న రయన్ ఓల్సన్ ప్రొడ్యూస్ చేశాడు. అది వచ్చింది పెద్ద కంపెనీ లేబుల్ మీదే, కాబట్టి గట్టిగా మాట్లాడితే ఇండిపెండెంట్ కాదు. అయినా కర్ణాటక గమకాలకి అలవాటుపడిన చెవులకి ఆ లోకంలోకి అది మంచి గుమ్మం.

యాస అర్థం కావడం లేదు. సాహిత్యం ఎక్కడ దొరుకుతుంది?

బ్యాండ్‌క్యాంప్‌లో పాట పేరు నొక్కితే చాలాసార్లు కళాకారుడే రాసిపెట్టిన సాహిత్యం ఉంటుంది. యాప్‌లలో వచ్చేదాని మీద నాకు అంత నమ్మకం లేదు. అమెరికా తూర్పు కొండ ప్రాంతమైన అపలాచియా యాసలో పాడిన పాటకైతే మరీను.

నేనే ఇంగ్లిష్‌లో ఫోక్ పాటలు రాస్తాను. వైజాగ్‌లో ఉంటాను. ఆ డీజేలకి పంపొచ్చా?

నిరభ్యంతరంగా. కమ్యూనిటీ రేడియో డీజేలు మీది ఏ దేశం అని చూడరు. నలుగురైదుగురి షోలు విని, మీ పాట ఎవరి షోకి నప్పుతుందో తేల్చుకుని, వాళ్లకే రాయండి. వందమందికి ఒకే మెయిలు కొడితే తెరవకుండానే తీసేస్తారు. ఎమ్‌పీ3ని అటాచ్ చేయొద్దు, డౌన్‌లోడ్ లింకు ఇవ్వండి. ఫైలులో మీ పేరు, పాట పేరు, ఆల్బమ్ పేరు నింపి ఉండాలి. లేకపోతే వాళ్ల కంప్యూటర్లో అది "ట్రాక్ 01"గా పడి ఉంటుంది. పాటలో బూతు మాట ఉంటే ముందే చెప్పండి. అక్కడి ప్రసారాల నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ నిబంధనల వల్ల పొద్దున 6 నుంచి రాత్రి 10 దాకా అలాంటివి గాలిలోకి వదలకూడదు. పాట గురించి రెండు వాక్యాలు, ఊరి పేరు, ఎవరు వాయించారో రాస్తే చాలు, జీవిత చరిత్ర అక్కర్లేదు.

టైనీ డెస్క్ కాంటెస్ట్‌కి మాత్రం వైజాగ్ నుంచి కుదరదు. అమెరికాలో నివాసం ఉండాలి, 18 ఏళ్లు నిండాలి, రికార్డు కంపెనీతో ఒప్పందం ఉండకూడదు. పాట సొంతదై ఉండాలి, వీడియోలో ఎక్కడో ఒకచోట డెస్కు కనబడాలి. ఎడిసన్‌లోనో ఫ్రిస్కోలోనో గిటారు వాయించే మీ అక్క కూతురు ఉంటే ఆ లింకు తనకి పంపండి.